పాటకు పంతులేడీ?

బంగ్లాదేశ్ ప్రాథమిక బడుల్లో సంగీతం టీచర్ల పోస్టులు పుట్టిన రెండు నెలలకే రద్దయ్యాయి. భారత్‌లో రద్దు చేద్దామన్నా ఆ పోస్టులు లేవు. ఉపఖండంలో చిన్నపిల్లల పాట ఎందుకింత కష్టమైన పాఠమైంది?

బంగ్లాదేశ్‌లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో రోజు పాటతోనే మొదలవుతుంది. పిల్లలు వరుసల్లో నిలబడి, రవీంద్రనాథ్ టాగోర్ రాసిన జాతీయ గీతం పాడాకే తరగతుల్లోకి వెళ్తారు. ఆ పాటను వాళ్లకు సరైన వరుసలో నేర్పేదెవరు? లెక్కల పంతులో, బెంగాలీ పంతులో తనకు వచ్చినట్లు పాడితే పిల్లలు అందుకుంటారు. పాఠ్య ప్రణాళికలో సంగీతం ఉంది, టైంటేబుల్లో దానికి గడీ ఉంది. చెప్పే మనిషి లేడు.

ఆ లోటు తీర్చేందుకు 2025లో ఒక ప్రయత్నం జరిగింది. ముహమ్మద్ యూనుస్ నేతృత్వంలోని తాత్కాలిక ప్రభుత్వం ఆగస్టు నెలాఖరున ప్రాథమిక ఉపాధ్యాయ నియామక నిబంధనలను కొత్తగా ప్రకటించింది. ప్రధానోపాధ్యాయుడు, సహాయ ఉపాధ్యాయుడు అన్న రెండు పాత వర్గాలకు మరో రెండింటిని చేర్చింది. ఒకటి సంగీతం సహాయ ఉపాధ్యాయుడు, రెండోది వ్యాయామ విద్య సహాయ ఉపాధ్యాయుడు. ఢాకాలో సంగీతంలో డిగ్రీలు చేసి ప్రైవేటు ట్యూషన్లతో నెట్టుకొస్తున్న యువతకు అది తీపి కబురు. కానీ మూన్నాళ్ల ముచ్చటే అయింది.

మూన్నాళ్ల ముచ్చట

సెప్టెంబరు నుంచే వ్యతిరేకత మొదలైంది. జమాతే ఇస్లామీ, హెఫాజతే ఇస్లాం, ఇస్లామీ ఆందోళన్ వంటి సంస్థల నేతలు ఢాకాలో సభలు పెట్టి, సంగీతం టీచర్లు వద్దు, మత విద్య టీచర్లు కావాలని పట్టుబట్టారు. మత విద్య పాఠ్యాంశంగా ఉన్నా దానికి ప్రత్యేక ఉపాధ్యాయులు లేరని, ముందు ఆ ఖాళీ నింపకుండా పాటల టీచర్లెందుకని వారి ప్రశ్న. నిర్ణయం వెనక్కి తీసుకోకపోతే వీధుల్లోకి వస్తామనీ హెచ్చరించారు. నవంబరు మొదటి వారానికల్లా సవరించిన నిబంధనలు వెలువడ్డాయి. నాలుగు వర్గాలు మళ్లీ రెండయ్యాయి. సంగీతంతో పాటు, ఎవరూ పెద్దగా అభ్యంతరపెట్టని వ్యాయామ విద్య పోస్టూ ఎగిరిపోయింది.

ఒత్తిడికి తలొగ్గలేదని ప్రభుత్వం చెప్పుకుంది. దాని లెక్కలు దానికున్నాయి. దేశంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు 65 వేలకు పైనే. ఒక్కో బడికి ఒక్కో సంగీతం టీచర్ని ఇచ్చే స్తోమత లేదు కాబట్టి బడులను సుమారు 2,500 క్లస్టర్లుగా విడగొట్టి, క్లస్టరుకొకరిని వేయాలన్నది ప్రతిపాదన. అంటే ఒక్కొక్కరు 20కి పైగా బడులు తిరగాలి. అంత తక్కువ మందితో ఫలితం ఉండదని, కొన్ని బడులకు అంది కొన్నింటికి అందకపోతే అసమానతలు పెరుగుతాయని కార్యదర్శుల కమిటీ భావించిందని అధికార వివరణ. ఆ వాదనలో పస లేకపోలేదు. 20 బడులు తిరిగే పంతులు ఏ బడికైనా నెలకోసారి చుట్టపుచూపుగానే వెళ్లగలడు. కానీ పథకం చిన్నదైతే పెంచాలి గానీ తీసిపారేస్తారా అన్న ప్రశ్నకు ఆ వివరణలో జవాబు దొరకలేదు.

ఢాకా విశ్వవిద్యాలయంలో 'అపరాజేయ బాంగ్లా' శిల్పం ముందు విద్యార్థులు గుమిగూడి నిరసన తెలిపారు. నినాదాలతో పాటు పాటలూ పాడారు.

పాట వెనుక పాత గొడవ

పిల్లల పాట మీద ఇంత రగడ ఎందుకో తెలియాలంటే ఆ దేశ చరిత్ర కాస్త తిరగేయాలి. తూర్పు పాకిస్థాన్‌గా ఉన్నప్పుడు అక్కడ పాట రాజకీయమే. 1961లో టాగోర్ శతజయంతిని పాలకులు ప్రోత్సహించకపోయినా జరిపి తీరిన వాళ్లు ఆ ఊపులోనే 'ఛాయానట్' అనే సాంస్కృతిక సంస్థను నెలకొల్పారు. 1967లో ప్రభుత్వ రేడియోలో టాగోర్ పాటలకు అడ్డుకట్ట వేయబోతే మేధావులు, కళాకారులు ఎదురుతిరిగారు. అదే ఏడాది నుంచి ఢాకాలోని రమణా పార్కులో చెట్టు కింద ఛాయానట్ బృందం బెంగాలీ ఉగాది 'పొహెలా బైశాఖ్'కు సూర్యోదయాన పాటలు పాడటం ఆనవాయితీ అయింది. 2001లో ఆ వేడుకలోనే బాంబులు పేలి పది మంది చనిపోయారు. మరుసటి ఏడాదీ పాట ఆగలేదు. ఏది పాడాలి, ఎవరు పాడాలి అన్నది అక్కడ దేశం ఎవరిది అన్న ప్రశ్నతో పెనవేసుకుపోయింది. సంగీతం టీచరు పోస్టు ఆ తగాదా మధ్యలోకి వచ్చి పడింది.

ఈ ఉపఖండంలో ఇది ఒక్క ఢాకా కథే కాదు. అఫ్ఘానిస్థాన్‌లో తాలిబన్లు కాబూల్‌ను ఆక్రమించడానికి ఐదు నెలల ముందే, 2021 మార్చిలో, 12 ఏళ్లు దాటిన బడిపిల్లలు బహిరంగ కార్యక్రమాల్లో పాడరాదని విద్యాశాఖ ఆదేశించింది. ఆడపిల్లలు తాము పాడుతున్న వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టి ఎదిరించాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆగస్టులో తాలిబన్లు వచ్చాక ఆ చర్చే లేకుండా పోయింది. 2010లో ప్రారంభమైన అఫ్ఘానిస్థాన్ జాతీయ సంగీత సంస్థ విద్యార్థులు, అధ్యాపకులు దేశం విడిచి పోర్చుగల్‌లో తలదాచుకున్నారు.

శ్రీలంకది వేరే దారి. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, నాటకం 'సౌందర్య విద్య' పేరిట అక్కడ బడి చదువులో భాగం. సింహళ మాధ్యమంలో ప్రాచ్య సంగీతం, తమిళ మాధ్యమంలో కర్ణాటక సంగీతం చెబుతారు. మన పదో తరగతి లాంటి ఆర్డినరీ లెవెల్ పరీక్షలో సంగీతాన్ని ఒక సబ్జెక్టుగా రాయొచ్చు. బడిలో పాటకు పరీక్ష ఉంది కాబట్టి టీచరు ఉన్నాడు, టీచరు ఉద్యోగం ఉంది కాబట్టి సంగీతం చదివేవాళ్లున్నారు. ఆ దేశ జాతీయ గీతం రాసి స్వరపరిచిన ఆనంద సమరకూన్ శాంతినికేతన్‌లో చదువుకుని వచ్చి బడిలో సంగీతం చెప్పిన పంతులే.

అభ్యంతరమూ లేదు, పోస్టూ లేదు

భారత్‌లో ప్రాథమిక బడిలో పాట నేర్పొద్దని ఎవరూ ధర్నా చేయలేదు. ఆ అవసరమే రాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బిడ్డ సర్వతోముఖాభివృద్ధి గురించి, ప్రతిభను వెలికితీయడం గురించి గొప్పగానే చెప్పింది. ఎంతమంది టీచర్లుండాలో చెప్పే షెడ్యూలుకొచ్చేసరికి లెక్క మారింది. ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా 60 మంది పిల్లలకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు... ఇలా తలల లెక్కే తప్ప కళలకు ప్రత్యేకంగా ఎవరూ లేరు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లోనైనా, పిల్లలు వంద దాటితేనే కళా విద్య, వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లుంటారు. కళా విద్య కింద బొమ్మలు వేయించే టీచర్ని పెట్టుకున్నా నిబంధన తీరినట్లే. సంగీతం వంతు వచ్చేదాకా ఆగితే పిల్లల పాడే వయసు దాటిపోతుంది.

కాగితాల మీద మాత్రం సంగీతానికి లోటు లేదు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కోసం వేసిన నిపుణుల బృందం సంగీతం, నృత్యం, నాటకం, చిత్రకళలను పదో తరగతి దాకా తప్పనిసరి చేయాలని సిఫార్సు చేసింది. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ చదువుకూ మధ్య గోడలు ఉండకూడదంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల కోసం 'బాన్సురీ' పేరుతో కళల పాఠ్యపుస్తకమే తెచ్చింది. అందులో బొమ్మలతో పాటు నాటకం, సంగీతం, నృత్యం ఉన్నాయి. కానీ మురళి బొమ్మ చూసి మురళి నాదం తెలుసుకోలేరు. పుస్తకం పాడదు.

ఒకే ప్రభుత్వం కింద రెండు రకాల బడులుండటం ఇక్కడి విచిత్రం. కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు ఎక్కువగా చదివే కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక తరగతులకు ప్రత్యేకంగా సంగీతం టీచరు పోస్టు ఉంది. దానికి సంగీతంలో డిగ్రీ ఉండాలి. నగరాల్లోని ఖరీదైన ప్రైవేటు స్కూళ్లు కీబోర్డు గది, గిటారు క్లాసు చూపించి అడ్మిషన్లు రాబట్టుకుంటాయి. ఇద్దరు పంతుళ్లు ఐదు తరగతులు లాక్కొచ్చే మండల పరిషత్ బడిలో హార్మోనియం ఉన్నా వాయించే తీరిక ఎవరికీ ఉండదు. ఇంట్లో డబ్బున్న పిల్లలకు సంగీతం బయట దొరుకుతుంది. లేని పిల్లలకు బడే దిక్కు. అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

గేయం కాస్తా పాఠమైతే

తెలుగు బడిలో పాట లేదని అనలేం. ఎక్కాలు, గుణింతాలు రాగం తీయకుండా నేర్చుకున్న వాళ్లెవరు? వేమన పద్యమైనా సుమతీ శతకమైనా చెవి గుండానే ఎక్కేది. ఒకటి, రెండు తరగతుల్లో అభినయ గేయాలు ఇప్పటికీ హుషారుగా సాగుతాయి. తెలుగు వాచకం తెరిస్తే మొదటి పాఠాల్లో గేయం తప్పనిసరిగా ఉంటుంది. చిక్కు ఆ తర్వాతే. గేయం పాఠంగా మారుతుంది, కఠిన పదాలకు అర్థాలు, ఖాళీలు పూరింపులు, ఐదు వాక్యాల్లో జవాబులు వస్తాయి. మూడో తరగతికొచ్చేసరికి పిల్లలు గేయాన్ని చదవడం నేర్చుకుని పాడటం మానేస్తారు.

పాడించడం వేరు, సంగీతం నేర్పడం వేరు. పిల్లలకు నేర్పాల్సింది ముందు వినడం. రెండు స్వరాల్లో ఏది పైది, ఏది కిందిదో పోల్చుకోవడం, ఎదుటివాళ్ల శ్రుతికి తన గొంతు కలపడం, చప్పట్లతో లయ నిలుపుకోవడం ఆ తర్వాత. వాటికి రాగాల పేర్లు అక్కర్లేదు, పరీక్షా అక్కర్లేదు. కావాల్సింది ఆ తేడా వినిపించే చెవి ఉన్న టీచరు. శ్రుతి తప్పిన పిల్లవాణ్ని నువ్వు పాడకు అని కూర్చోబెట్టే వాళ్లే బడుల్లో ఎక్కువ. చాలా సందర్భాల్లో లోపం పిల్లవాడి గొంతులో ఉండదు. పెద్దవాళ్లు తమ గొంతుకు అనువైన శ్రుతిలో ఎత్తుకుంటారు, అది పిల్లలకు అందదు.

ఈ దేశంలో మొదటి పాఠానికి ఒక పద్ధతి లేక కాదు. కర్ణాటక సంగీతంలో మాయామాళవగౌళ రాగంలో సరళి స్వరాలు, జంట స్వరాలు, అలంకారాల వరుసను పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. నాలుగు శతాబ్దాలకు పైగా అదే నడుస్తోంది. హిందుస్తానీకి 20వ శతాబ్దం తొలినాళ్లలో విష్ణు నారాయణ భాత్‌ఖండే పాఠ్యపుస్తకాలు కూర్చారు. 1901లో లాహోర్‌లో విష్ణు దిగంబర్ పలుస్కర్ గాంధర్వ మహావిద్యాలయం తెరిచి, గురువు ఇంటికీ రాజాస్థానానికీ పరిమితమైన విద్యను మామూలు జనం ఫీజు కట్టి నేర్చుకునేలా చేశారు. అదే ఏడాది శాంతినికేతన్‌లో టాగోర్ పెట్టిన బడిలో పాట దినచర్యలో భాగమైంది. అయితే సరళి స్వరాలు విద్వాంసుణ్ని తయారుచేసే మార్గంలో మొదటి మెట్టు. 40 మంది ఉన్న తరగతిలో అందరినీ విద్వాంసులను చేయనక్కర్లేదు.

ఆ తేడాను పట్టుకున్నవాడు హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్. ప్రతి బిడ్డకూ పాడటం రావాలని, అది తల్లి ఒడిలో విన్న జానపదంతోనే మొదలుకావాలని ఆయన వాదించాడు. 1950లో కెచ్‌కెమెట్ పట్టణంలో రోజూ సంగీతం ఉండే ప్రాథమిక పాఠశాల మొదలైంది. అక్కడి పిల్లలు చేతి సైగలతో స్వరాలను గుర్తుపడతారు. వాళ్ల 'దో' మన షడ్జమంలాగే ఎవరి గొంతును బట్టి వాళ్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సరిగమలు పుట్టిన దేశంలో ఆ పద్ధతి పిల్లల బడిదాకా రాకపోవడమే వింత.

ఎవరి పాట?

నేర్పాలనుకుంటే మరో ప్రశ్న ఎదురవుతుంది. ఏ సంగీతం నేర్పాలి? తెలంగాణలో బతుకమ్మ పాటలు ఊరంతా పాడుకునేవే. ఒగ్గు కథ, యక్షగానం, ఉత్తరాంధ్ర జముకుల కథ ఆ ఇళ్ల పిల్లలకు పుట్టుకతో అబ్బిన లయ. తరతరాలుగా డప్పు వాయించిన కులాల పిల్లలకు తాళం ఒకరు నేర్పనక్కర్లేదు. కానీ బడిలో సంగీతమంటే శాస్త్రీయమో, భక్తిగీతమో అన్న అభిప్రాయమే పాతుకుపోయింది. డప్పును స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపు దాకా రానిచ్చిన బడి తరగతి గదిలోకి రానివ్వదు. ఆ పిల్లవాడికి తెలిసిన విద్యను బడి విద్యగా ఒప్పుకోవడం లేదన్నమాట. సంగీతం పీరియడు వస్తే మొదట తేలాల్సిన సంగతి ఇదే. ఎవరి పాట పాఠమవుతుందన్న గొడవ ఒక్క బంగ్లాదేశ్‌దే కాదు, రూపం వేరంతే.

తెలుగు నేలకు ఈ విషయంలో చెప్పుకోదగ్గ గతం ఉంది. 1919లో విజయనగరం రాజా విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల స్థాపించి ఆదిభట్ల నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌గా నియమించారు. తన కొలువులోని ఒక ఉద్యోగి అంధ కుమారుడికి సంగీతం చెప్పించాలన్న తలంపే దానికి మూలమంటారు. అదే ఏడాది మదనపల్లెలోని బిసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చిన టాగోర్ 'జనగణమన' పాడి వినిపిస్తే, మార్గరెట్ కజిన్స్ దాని వరుసను స్వరలిపిలోకి ఎక్కించారు. ఆకాశవాణిలో 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావు, 'అక్కయ్య' కామేశ్వరి నడిపిన పిల్లల కార్యక్రమాలు సంగీతం టీచరు లేని ఊళ్లకూ పాట చేర్చాయి. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కాయిర్ స్థాపించి, 1980లలో ఎన్‌సీఈఆర్‌టీ సామూహిక గాన కార్యక్రమానికి ఊపిరి పోశారు. వాద్యాలు అక్కర్లేకుండా వందలమంది బడిపిల్లలు రకరకాల భాషల పాటలు కలిసి పాడటమే ఆ కార్యక్రమం. ఆయన 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూసింది కూడా బృందగాన శిక్షణకు వెళ్లినప్పుడే. ఆ తర్వాత ఆ ఉత్సాహం సన్నగిల్లింది.

ఇవాళ విజయనగరం, విజయవాడ, హైదరాబాద్, తిరుపతిలలో సంగీత కళాశాలలు సర్టిఫికెట్లు, డిప్లొమాలు ఇస్తున్నాయి. అవి పట్టుకుని బయటికొచ్చిన వాళ్లకు ప్రాథమిక బడిలో పోస్టు లేదు. ఇంటి దగ్గర ట్యూషన్లు, గుళ్లలో కచేరీలు, టీవీ పాటల పోటీలకు పిల్లల్ని తయారుచేయడం... ఇవే దారులు. ఒకవైపు పాట రాని బడి, మరోవైపు బడి దొరకని పాటగాడు.

మార్కుల మాయ

సంగీతం కావాలనే వాళ్లు కూడా తరచూ తప్పు కారణం చెబుతారు. సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయని, మెదడు చురుకవుతుందని ప్రైవేటు స్కూళ్ల బ్రోచర్లు ఊదరగొడతాయి. దీనికి మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. మొజార్ట్ సంగీతం విన్నాక ఒక రకం పరీక్షలో వారికి వచ్చిన మెరుగుదల పది, పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. పిల్లల మీద చేసింది కాదు, నేర్పించి చూసిందీ కాదు. 2004లో కెనడా పరిశోధకుడు గ్లెన్ షెలెన్‌బర్గ్ 144 మంది ఆరేళ్ల పిల్లలపై జరిపిన అధ్యయనంలో ఏడాది పాటు సంగీతం నేర్చుకున్న వాళ్ల ఐక్యూ మిగతావారి కన్నా స్వల్పంగా ఎక్కువ పెరిగింది. తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ జల్లెడ పట్టిన ఫెర్నాండ్ గోబే, జొవాన్నీ సాలా మాత్రం పకడ్బందీగా చేసిన ప్రయోగాల్లో ఆ లాభం దాదాపు కనబడటం లేదని తేల్చారు.

కాబట్టి మార్కుల ఆశ చూపి పాటను బడిలోకి తేవడం ప్రమాదం. మార్కులు పెరగలేదని తేలిన రోజున పాటనే గెంటేస్తారు. లెక్కలు నేర్పితే పాట బాగా వస్తుందా అని ఎవరూ అడగరు కదా!

పాట బడిని ఎలా మారుస్తుందో చూడాలంటే పశ్చిమబెంగాల్లోని కాలింపాంగ్ కొండలకు వెళ్లాలి. ఎడ్వర్డ్ మెక్‌గైర్ అనే జెస్యూట్ ఫాదరీ 1993లో అక్కడ గాంధీ ఆశ్రమ్ స్కూలు మొదలుపెట్టారు. సెంటు భూమి లేని కూలీల పిల్లలకది బడి. చదువుతో పాటు అందరికీ వయొలిన్ నేర్పడం దాని పద్ధతి. బాగా పాడే పిల్లల్ని ఏరుకోవడం లేదు, వచ్చిన ప్రతి బిడ్డ చేతికీ వయొలిన్ ఇచ్చారు. కట్టెలు కొట్టి, నీళ్లు మోసి వచ్చిన చేతులు ఆర్కెస్ట్రాలో వాయించాయి. 'ఫిడ్లర్స్ ఆన్ ది థ్యాచ్' పేరుతో డాక్యుమెంటరీ వచ్చాక ఆ బడి ప్రపంచానికి తెలిసింది. ఇది ఒక ఫాదరీ పట్టుదలతో, దాతల సాయంతో నడిచిన బడి. ప్రభుత్వం దీన్ని అన్ని చోట్లా చేయగలదా అంటే కష్టమే. కానీ పేద పిల్లలకు సంగీతం అనవసర విలాసమన్న మాటకు మాత్రం అది జవాబు చెప్పింది.

పెద్ద ఖర్చు లేకుండా మొదలుపెట్టే మార్గాలూ ఉన్నాయి. డీఎడ్ చదివే ప్రతి కాబోయే టీచరుకూ శ్రుతి పెట్టి ఇరవై పాటలు పాడించడం నేర్పవచ్చు. సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం సీసీఆర్‌టీ 1979 నుంచి టీచర్లకు రకరకాల భాషల పాటలు నేర్పుతూనే ఉంది, హైదరాబాద్‌లో దానికి ప్రాంతీయ కేంద్రమూ ఉంది. ఊళ్లోని ఒగ్గు కళాకారుణ్ని, డప్పు మాస్టారిని గౌరవ వేతనమిచ్చి వారానికో రోజు పిలవచ్చు. క్లస్టరుకో సంగీతం టీచర్ని వేస్తే, బంగ్లాదేశ్‌లో అనుకున్నట్లు 20 బడులు కాకుండా నాలుగైదు అప్పగిస్తే వారంలో ఒక రోజైనా ప్రతి బడికీ అందుతాడు. వీటిలో ఏదీ కొత్త చట్టం అడగదు.

భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక... మూడు జాతీయ గీతాలూ టాగోర్‌తోనో ఆయన బడితోనో ముడిపడినవే. పిల్లలు పాడుతూ చదువుకోవాలని ఆ బడి పుట్టింది. మదనపల్లెలో స్వరలిపిలోకి ఎక్కిన ఆ పాటను తెలుగు రాష్ట్రాల బడుల్లో లక్షలమంది పిల్లలు పాడుతూనే ఉన్నారు. దాని నిర్ణీత వ్యవధి 52 సెకన్లు. చాలామంది పిల్లలకు బడి ఇచ్చే సంగీతం రోజు మొత్తం మీద అంతే.